ఖుల్లా హవా

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరి నోటా ఒకటే మాట, ఖుల్లా హవా. ఆబిడ్స్ నుంచి డాక్టరు సాబ్ వచ్చి, పరదా సందులోంచి చాపిన మా పద్మ చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. అదే సందుకు చెవి పెట్టి దగ్గు విన్నాడు. "ఇది క్షయ కాదు. చలికాలం వచ్చిన జ్వరానికి ఊపిరితిత్తులు నీరసించినయి. మందు కంటే ఈమెకు ఖుల్లా హవా కావాలె. గుట్టల మీది గాలి తగలనియ్యిండ్రి" అని చెప్పి వెళ్ళిపోయాడు. తెరిపి గాలి కావాలన్న మాట ఆయన పరదా అవతల నిలబడి చెప్పాడు, మేం పరదా ఇవతల నిలబడి విన్నాం. అందులో నవ్వాల్సిందేదో ఉందని నాకు అప్పుడే తోచింది. నవ్వితే అత్తమ్మ చూస్తుందని ఊరుకున్నాను.

మాది నాంపల్లిలో స్టేషన్ వెనక గల్లీ. మా మామయ్య వామన్‌రావుకు ఆబిడ్స్‌లో మోటరు సామాన్ల దుకాణం ఉండేది. మా ఆయన రామచందర్ పొద్దంతా అక్కడే ఉండేవాడు. పద్మ మా మరిది బాలకిషన్ భార్య, నాకు యారాలు. చేవెళ్ళ పిల్ల. మా ఇంటికి వచ్చి ఏడాది కూడా కాలేదు. అంత మెత్తని మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

కోడళ్ళు మామయ్య ఎదుట పడకూడదు, ఆయనతో నోరు విప్పి మాట్లాడకూడదు. అది మా ఇంటి మర్యాద. ఆయన తలుపు అవతల నుంచి ఏదైనా అడిగితే, విన్నామనడానికి గాజులు కదిలించాలి, అంతే. నా గాజులు ఎప్పుడూ అవసరానికి మించే మోగేవి. "విమల గాజులు టేషన్ల గంట లెక్క వినపడ్తయి. పద్మను చూసి నేర్సుకొమ్మను. గా పిల్లకు గాజు సప్పుడు గూడ లేదు" అని మామయ్య అత్తమ్మతో అనేవాడు. నాకు వినపడాలనే గట్టిగా అనేవాడు. నేను ఇంకాస్త గట్టిగా మోగించేదాన్ని.

డాక్టరు సాబ్ వచ్చి వెళ్ళిన రోజే అత్తమ్మ అహల్య తన లెక్క తేల్చి చెప్పింది. వంటింట్లో మా ఇద్దరి ముందే చెప్పింది.

"మిరుగు దాంక చూస్తం. మిరుగునాడు చేపమందు గూడ ఏపిస్తం. గప్పటికి గూడ దగ్గు తగ్గకపోతె చేవెళ్ళకు తోలిస్తం. నా కొడుకుది నూరేండ్ల జిందగీ. నేను ఖరాబు కానియ్య."

మిరుగు అంటే మృగశిర కార్తె, ఆ రోజు పట్నంలో దగ్గు ఆయాసాలకు చేపమందు వేస్తారు. తోలిస్తే మళ్ళీ రమ్మనరని మాకు తెలుసు. గౌలిగూడలో అత్తమ్మ అన్న బిడ్డ పెళ్ళికి తయారుగా ఉంది. పద్మ పప్పు ఏరుతూనే ఉంది. ఆ పూట పప్పులో రాళ్ళు వచ్చాయి.

మామయ్యకు ఒక పాత మోటరుండేది. అప్పుడు జర్మనీ లడాయి నడుస్తోంది, పెట్రోలు కూపన్ల మీద ఇస్తున్నారు. ఊళ్ళో చాలామంది చేసినట్టే మామయ్య కూడా బండికి బొగ్గు గ్యాసు పెట్టించాడు. బండి వెనక పెద్ద ఇనుప పీపా. దాన్నిండా బొగ్గులు పోసి అంటిస్తే, అందులో పుట్టిన గ్యాసు మా సీటు కింది గొట్టంలోంచి ముందున్న ఇంజనుకు పోయేది. అత్తమ్మ దాన్ని పొయ్యి మోటరు అనేది. మామయ్యకు మాత్రం దాన్ని చూస్తే గర్వం. ఆయనకు పాత కట్టడాలంటే ప్రాణం. గోల్కొండ కోట గురించీ, గుంబజుల గురించీ, అనంతగిరి లోయ గురించీ మొదలుపెడితే అన్నం చల్లారిపోయేది. పద్మకు గుట్టల గాలి అనగానే ఆయన అనంతగిరి పేరే చెప్పాడు. ప్రతి శుక్రవారం, దుకాణాలకు సెలవు కనుక, తెల్లవారగానే బయలుదేరి పోయి పొద్దుగూకేసరికి రావాలని నిర్ణయమైంది.

శుక్రవారం పొద్దున్నే బాలకిషన్ మోటరును గల్లీ మధ్యకు తోసి, పీపా అంటించి, చేతి పంకా తిప్పేవాడు. మూసి ఉన్న కొట్టంలో ఎప్పుడూ అంటించొద్దని, ఆ గ్యాసు మంచిది కాదని మిస్త్రీ గట్టిగా చెప్పాడట. అందుకని మూగిన పిల్లలను కూడా "దూరం పోన్రి, దూరం" అని అదిలించేవాడు. ఇంజను అందుకున్నాక మా గుమ్మం నుంచి మోటరు దాకా అటొక దుప్పటి, ఇటొక దుప్పటి పట్టుకునేవారు. ఆ సందులోంచి నేనూ పద్మా నడిచి వెనక సీట్లో కూర్చునేవాళ్ళం. పక్కల అద్దాలు లేని గుడ్డ టాపు మోటరు అది, రెండు పక్కలా ముదురెరుపు పరదాలు. ముందు సీట్లో కూర్చున్న తండ్రీకొడుకులకూ మాకూ మధ్య ఇంకో పరదా. వాళ్ళకు రెండు వైపులా గాలే గాలి.

మోటరు మెహదీపట్నం దాటగానే మామయ్య గొంతు మొదలయ్యేది. ఆయన తల తిప్పేవాడు కాదు. ఎదురుగా ఉన్న అద్దానికి చెప్తున్నట్టు చెప్పేవాడు.

"కుడి దిక్కు గోల్కొండ. చూడున్రి, బాలా హిస్సార్ మీద ఎండ ఎట్ల పడ్తున్నదో! కింద దర్వాజా కాడ నిలబడి సప్పట్లు కొడితె గాడ పైన వినపడేది. ఎంత అకల్ ఉన్నోల్లు కట్టిన్రు!"

మేం ఎరుపు గుడ్డ చూస్తూ కూర్చునేవాళ్ళం. ఆయన చూడున్రి అన్నప్పుడల్లా నేను గాజులు కదిలించేదాన్ని. మొదటి శుక్రవారం మూల దగ్గర పరదా అంచు కొంచెం వదులుగా ఉందని నేను కనిపెట్టాను. ఇంక ఆగుతానా? ముక్కూ కన్నూ ఆ సందులో పెట్టి దుమ్ము మింగుతూ దారంతా చూసేదాన్ని. గోల్కొండ నిజంగానే బ్రహ్మాండంగా ఉంది. హిమాయత్‌సాగర్‌లో మాత్రం మామయ్య చెప్పినన్ని నీళ్ళు లేవు.

"అక్కా, ఏమున్నది?" అని పద్మ నా చెవిలో అడిగేది.

"మామయ్య చెప్పిన నీళ్ళు సగం ఎండినయి. బర్రెలు పండుకున్నయి గాడ."

పద్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నవ్వితే దగ్గొచ్చేది.

చేవెళ్ళ వస్తోందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గానుగ వాసన తగలగానే నా మోచెయ్యి పట్టుకునేది. వాళ్ళ ఇల్లు రోడ్డు మీదనే, నీలం తలుపుల ఇల్లు. ఆగితే ఎండ ముదురుతుందని మామయ్య ఎప్పుడూ ఆపనివ్వలేదు.

"మీ అమ్మ గడప కడుగుతున్నది" అని చెప్పాను ఒకసారి. "పచ్చచీర కట్టింది."

"పచ్చదా? నా పెండ్లిల కొన్నదే అది. బక్కగయిందా అక్కా?"

"నువ్వే చూస్కో. జర గిటు వంగు."

"వద్దక్కా. మామయ్య చూస్తె?"

"మామయ్య కండ్లు ముందుకున్నయి, వీపుకు లేవు."

"అయినా వద్దు."

ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఎవరి మీదా అని చెప్పలేను. వాళ్ళమ్మ శంకరమ్మ మోటరు పోయేదాకా చీపురు పట్టుకుని నిలబడి చూసేది. లోపల తన కూతురుందని ఆమెకు తెలియదు.

చేవెళ్ళ దాటాక పద్మ తల నా భుజం మీద వాలేది. "తల బిగుస్తున్నదక్కా. చెవులల్ల రొద" అనేది. వికారాబాదు దాటి ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు మోటరు నడక కంటే మెల్లగా పోయేది. బాలకిషన్ మధ్యమధ్య ఆపి పీపాలో బొగ్గులు పోసి మళ్ళీ ఎక్కేవాడు. అప్పటికి పద్మకు వాంతి వచ్చేది. నాకూ తల కొంచెం బరువుగానే ఉండేది. ఎండ దెబ్బ అనుకునేదాన్ని. మామయ్య మాత్రం చెప్పడం ఆపేవాడు కాదు.

"ఇగో, లోయ వచ్చింది. ఎడమ దిక్కు చూడున్రి. ఎంత దూరం చూస్తె అంత దూరం పచ్చగ! గీ కొండలనే మూసీ పుట్టింది. గీడి గాలి తాకితె సచ్చినోడు గూడ లేస్తడు."

నేను సందులోంచి చూశాను. పచ్చదనం ఎక్కడుంది? టేకు చెట్లన్నీ ఆకు రాల్చి మోడులై ఉన్నాయి. లోయంతా మట్టి రంగు, ఎక్కడో ఒకటీ అరా కానుగ చెట్లు. అయినా ఆ లోతు చూడగానే పరదా అంచు గట్టిగా పట్టుకున్నాను. మామయ్య ఏ వానాకాలంలోనో చూసిన లోయను మాకు చెప్తున్నాడని అర్థమైంది. ఆ మాట పద్మకు చెప్పలేదు. ఆమె పచ్చటి లోయలో ఉన్నాననుకుంటోంది, ఉండనీ అనుకున్నాను.

గుట్ట మీద పాత గుడి ఉంది. దాని వెనక మంటపంలో మగవాళ్ళు రాని మూల మా ఇద్దరికీ చాప పరిచేవారు. అక్కడ కూర్చున్న కాసేపటికి పద్మ మళ్ళీ మనిషయ్యేది. తల తేలికపడేది. పులిహోర తినేది. రాతి స్తంభాల మీది బొమ్మలను వేలితో తడిమి చూసేది. దూరం నుంచి బాలకిషన్ మా వైపు చూసి, ఆమె తింటోందని తెలిసి మొహం నిండా నవ్వుకునేవాడు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ వాడిపోయేది. నాంపల్లి చేరేసరికి నేను నడుం పట్టుకుని దింపాల్సి వచ్చేది.

ఇంట్లో దీనికి ఒకటే అర్థం చెప్పుకున్నారు. గుట్ట మీద బాగుంటోంది, పట్నం దగ్గర పడుతున్నకొద్దీ పాడవుతోంది, అంటే డాక్టరు చెప్పింది నిజమే, గాలి పని చేస్తోంది.

"అక్కా, తలనొప్పి అని అత్తమ్మకు చెప్పకు. మిరుగు దగ్గరికొచ్చింది" అని పద్మ నన్ను బతిమాలింది. నేను వినలేదు. ఆ రాత్రే అత్తమ్మకు చెప్పాను. మోటరు ఆమెకు పడటం లేదు, రైల్లో పోదాం అన్నాను.

అత్తమ్మ రాక్షసి కాదు. చాలాసేపు ఆలోచించింది.

"రైల్ల పరదా ఎట్లయితది? ఇదంత దుమ్ముతోని, విమలా. కంకర రోడ్డు దుమ్మంత లోపలికొస్తున్నది. గందుకే వాంతులు. దుమ్ము రాకుంట నేను చేస్త ఉండు."

మర్నాడు ఆమే స్వయంగా సూదీదారం పట్టుకుని కూర్చుంది. పరదాలకు లోపల రెండో పొర కుట్టింది. అంచులను మోటరు గుడ్డకు పిన్నులతో బిగించింది. నా మూల సందు కూడా మూసుకుపోయింది. "ఇగ నా కోడలి మీద రవ్వంత దుమ్ము పడది" అంది. పద్మ ఆమె కాళ్ళకు మొక్కింది. అత్తమ్మ తనను నా కోడలు అనడం అదే మొదటిసారి అని నాకు తర్వాత చెప్పింది. ఆ రోజంతా ఇంట్లో తేలికగా తిరిగింది.

ఆ వచ్చిన శుక్రవారం, ఎప్పుడూ అత్తమ్మ దగ్గర వదిలి పోయే నా చంటి కూతురికి పళ్ళు వస్తూ జ్వరం తగిలింది. ఒళ్ళు కాలిపోతుంటే వదిలి ఎట్లా పోతాను? పద్మ దుప్పట్ల సందులో నిలబడి నా వైపు తిరిగింది.

"నువ్వు లేకుంటె మా అమ్మ ఏం చేస్తున్నదో నాకెవరు చెప్తరక్కా?"

"ఒక పిన్ను పీకి నువ్వే చూడు. పరదా ఏం అరిగిపోదు."

"అత్తమ్మ గంత కష్టపడి పెట్టింది" అని నవ్వి ఎక్కి కూర్చుంది.

సాయంత్రం రావాల్సిన మోటరు మధ్యాహ్నం దాటగానే వచ్చింది. నేను దుప్పట్లు తీసుకుని గుమ్మంలోకి వెళ్ళాను. ఎవరూ దుప్పట్లు అడగలేదు. బాలకిషన్ పద్మను రెండు చేతుల మీద మోసుకుని, గల్లీలో అందరూ చూస్తుండగా లోపలికి తెచ్చాడు. ఆమె కొంగు నేల మీద జీరాడుతోంది. మామయ్య మోటరు దిగలేదు. ముందు సీట్లో ఎదురుగా అద్దం వైపు చూస్తూ కూర్చునే ఉన్నాడు. అత్తమ్మ పోయి రెక్క పట్టుకుని దింపింది.

"నేను చెప్తనే ఉన్న. గోల్కొండ చెప్పిన, చెరువు చెప్పిన, ఘాటు చెప్పిన. లోయ వచ్చింది చూడు బిడ్డా అని చెప్పిన. గుడి దాంక చెప్తనే ఉన్న" అన్నాడు మామయ్య. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు, "సప్పుడు చేయలే. ఎప్పుడు చేసింది గనక?"

బాలకిషన్ ఘాటు మీద ఒకసారి పిలిచాడట. పలకకపోతే నిద్రపోయిందనుకున్నాడు. పోయిన వారాలు ఆమెకు తలనొప్పి కదా, నిద్రపట్టడం మంచిదే అనుకున్నాడు. మామయ్యేమో కోడలు మర్యాదగా ఉంది అనుకున్నాడు. గుడి దగ్గర పరదా ఎత్తినప్పుడు ఆమె చల్లబడి ఉంది. ఊపిరితిత్తులు నీరసమే కదా, దారిలో ఆగిపోయాయి అని డాక్టరు సాబ్ అన్నాడు. మేమూ అదే నమ్మాం. పద్మ మొహం కందిపోయినట్టు ఎర్రగా ఉంది. "గుట్ట గాలికి రంగొచ్చింది నా తల్లికి" అని అత్తమ్మ ఏడ్చింది. ఆమె అంత ఏడుస్తుందని నేను అనుకోలేదు.

దినాలు అయ్యాక పద్మ పెట్టె చేవెళ్ళలో వాళ్ళ అమ్మకు ఇచ్చి రావాలి. చనిపోయిన కోడలి బట్టలు పుట్టింటికి చేర్చడం మాలో ఆనవాయితీ. మిరుగు ముందు రోజు బయలుదేరాం. చేవెళ్ళకు తోలిస్తానన్న గడువులోపల తోలిస్తూనే ఉన్నాం, పిల్లను కాదు, పెట్టెను.

మళ్ళీ అదే మోటరు, అవే పరదాలు, అత్తమ్మ పెట్టిన పిన్నులు ఎట్లా ఉన్నవి అట్లాగే. ముందు సీట్లో తండ్రీకొడుకులు. పాపను మా ఆయనకు అప్పగించి వెనక నేనూ, అత్తమ్మా. మధ్యలో పద్మ పెట్టె. అత్తమ్మ పద్మ మూలన కూర్చుంది. మెహదీపట్నం దాటింది. గోల్కొండ వచ్చి ఉంటుంది. మామయ్య ఏమీ చెప్పలేదు.

మొయినాబాదు దాటాక అత్తమ్మ తల పెట్టె మీద వాల్చింది.

"విమలా, తల బిగుస్తున్నది. చెవులల్ల ఏందో రొద."

నేను ఆమె వైపు చూశాను. అచ్చం పద్మ మాటలే. ఊపిరితిత్తుల జబ్బు పద్మకుంది, అత్తమ్మకు లేదు. సందు లేదు కనుక నాకు కూడా ఈసారి కణతలు అదురుతున్నాయి, కళ్ళ ముందు మసక. ఈ బరువు నాకు కొత్త కాదనిపించింది. ఇంతకు ముందు ఎక్కడో ఇట్లాగే పడుకుని ఉన్నాను. ఎక్కడా అని వెతుక్కుంటే బాలింత గది గుర్తుకొచ్చింది. నా కూతురు పుట్టినప్పుడు గాలి తగలకూడదని అత్తమ్మ కిటికీ మూసి, తలుపు సందులో గోనెపట్టా కుక్కి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టింది. నేను ఇట్లాగే తల ఎత్తలేక పడున్నాను. మంత్రసాని యాదవ్వ వచ్చి తలుపు తోసి, కుంపటి కాలితో బయటికి నెట్టి తిట్టిన తిట్లు నాకు ఇంకా వినపడతాయి. "బొగ్గులు రాజేసి తలుపు మూస్తరా? బాలింతను బతకనిస్తరా లేదా?"

నేను కాళ్ళ కింద చూశాను. సీటు కింది నుంచి వెచ్చదనం వస్తోంది. మా వీపు వెనక పీపా నిండా బొగ్గులు.

పిన్నులు పీకే ఓపిక లేదు. పరదా అంచు రెండు చేతులా పట్టుకుని గుంజాను. రెండు పొరలూ చరచర చినిగాయి. గాలి మొహాన కొట్టింది. అత్తమ్మ పక్కది కూడా చింపాను, అప్పుడు ముందున్నది చింపాను. పెళ్ళై వచ్చాక మొదటిసారి మామయ్యతో మాట్లాడాను.

"మోటరు ఆపున్రి మామయ్యా."

మోటరు ఆగింది. అత్తమ్మను కిందికి దింపి గట్టు మీద కూర్చోబెట్టాను. ఆమె వాంతి చేసుకుంది. రోడ్డు మీద బండ్లు పోతున్నాయి, మనుషులు పోతున్నారు, ఆమె తల మీద కొంగు లేదు.

"ఏమైంది వదినె?" అన్నాడు బాలకిషన్.

"కుంపటి" అన్నాను. "మనం కుంపటి ఎనక పెట్టుకొని తలుపు మూసుకున్నం."

అతను వెనక సీటు ఎత్తి, వంగి, గ్యాసు కారుతున్న గొట్టం అతుకు దగ్గర చెయ్యి పెట్టి ఉంచాడు. లేచి వచ్చి రోడ్డు పక్కన మట్టిలో కూర్చున్నాడు. ప్రతి శుక్రవారం గల్లీలో పిల్లలను దూరం తోలిన మనిషి అతనే. మామయ్య మోటరు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చినిగిన ఎరుపు గుడ్డ గాలికి ఆయన చెయ్యికి తగులుతోంది. అత్తమ్మ ఆ గుడ్డకున్న పిన్నుల వైపు చూస్తోంది. నేను చూడలేక మొహం తిప్పుకున్నాను.

బాలకిషన్ పీపాలో నిప్పు మీద నీళ్ళు పోశాడు. అత్యవసరానికని దాచిన చిన్న పెట్రోలు డబ్బా తీసి బండిలో పోశాడు. పరదాలు లేని మోటరులో చేవెళ్ళ పోయాం. శంకరమ్మ నీలం తలుపు దగ్గర నిలబడి ఉంది. పచ్చచీర కాదు. పెట్టె లోపల పెట్టించుకుని, మోటరు వైపు చూసి, మామయ్యను అడిగింది.

"గీ మోటరే గద అన్నా, సుక్రారం సుక్రారం గీ తొవ్వల పోయేది? నేను పోయినప్పుడల్ల చూసేదాన్ని. ఎవల్లో పెద్దోల్లు గుట్టకు పోతున్నరనుకున్న. నా బిడ్డ లోపల్నే ఉన్నదా?"

నేనే చెప్పాను.

"ఉన్నది. నువ్వు గడప కడుగుతుంటె అడిగింది. పచ్చచీర నా పెండ్లిదే అన్నది. అమ్మ బక్కగయిందా అన్నది."

ఆమె నా చేతులు పట్టుకుని గడప మీద కూలబడింది. అంతకు మించి ఆ ఇంట్లో జరిగింది నేను చెప్పలేను.

తిరిగి బయలుదేరినప్పుడు మబ్బు పట్టింది. అత్తమ్మ మోటరు అంచు మీద చెయ్యి పెట్టి గాలికి మొహం ఆనించి కూర్చుంది. కొంత దూరం పోయాక మామయ్య వెనక్కి తిరిగాడు. ఇన్నేళ్ళలో ఆయన నా మొహం చూడటం అదే మొదలు. ఆయన కళ్ళు నేననుకున్న దానికంటే ముసలివి.

"మాట్లాడు బిడ్డా" అన్నాడు.

"ఏం మాట్లాడాలె మామయ్యా?"

"ఏమన్న. ఇల్లొచ్చేదాంక ఆపకు."

ఆయన ముందుకు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. నేను రోడ్డు వైపు చూసి మొదలుపెట్టాను.

"ఎడమ దిక్కు దున్నిన చెల్క ఉన్నది మామయ్యా. ఇంక ఇత్తనం ఏయలే. ఒక ముసలమ్మ కట్టెలమోపు దించుకొని కూసున్నది. మేకలు అడ్డమొస్తున్నయి, బాలకిషన్ హారన్ కొడుతున్నడు. గాడ తొవ్వ పోయెటోల్లు దిగే సరాయి పాడువడి ఉన్నది. పైకప్పు లేదు. లోపల ఎవల్లో వంట చేసుకుంటున్నరు, పొగ వస్తున్నది. కుడి దిక్కు చెరువు. నీళ్ళు తక్కువున్నయి. బురదల కొంగలున్నయి."

ఊపిరి తీసుకోవడానికి ఆగాను. వెంటనే ఆయన అన్నాడు, "ఉన్నవా బిడ్డా?"

"ఉన్న మామయ్యా."

"చెప్పు."

గోల్కొండ చెప్పాను. కోట మీద మబ్బు నల్లగా ఉందని, ఒక పక్క గోడ కూలి ఉందని, ఆ రాళ్ళ మీద పిల్లలు ఎక్కి ఆడుతున్నారని చెప్పాను. మొదటి చినుకులు పడ్డాయి. మోటరుకు అడ్డం లేదు కనుక మేమంతా తడిశాం. తడుస్తున్నామని కూడా చెప్పాను. పద్మ చూడనివన్నీ, నేను సందులోంచి చూసి ఆమెకు చెప్పనివన్నీ వరసగా చెప్పాను. నా గొంతు పోయింది. ఆగినప్పుడల్లా ఆయన ఉన్నవా అని అడిగాడు. అత్తమ్మ మధ్యలో ఒక్కసారి కూడా నన్ను ఊరుకోమనలేదు.

నాంపల్లి స్టేషన్ దాటి గల్లీలోకి తిరిగాం. మా గుమ్మంలో దుప్పట్లు పట్టుకుని ఎవరూ లేరు. బాలకిషన్ దిగాడు, అత్తమ్మ దిగింది.

"ఇల్లొచ్చింది మామయ్యా" అన్నాను.

ఆయన కళ్ళు తెరవలేదు. "ఇంకొంచెం చెప్పు బిడ్డా" అన్నాడు.

ఆ గల్లీలో చెప్పడానికి ఏమీ లేదు. వానలో తడుస్తున్న గోడలు, మూసి ఉన్న తలుపులు, అంతే. అవే చెప్పాను.